చూసే మనిషి

ఎల్లారావు కూర్చునే ఇనుప పీటకి ఎర్ర చీటీ కట్టిన పూట నేను అక్కడే ఉన్నాను. మేడే చందాల కోసం ఆటోనగర్‌లో షెడ్డు షెడ్డూ తిరుగుతున్నాను. గురునాథరావు గారి షెడ్డులో అడుగు పెట్టేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఉదయ్‌కుమార్ అనే కన్సల్టెంటు ఆ పీట చుట్టూ తిరిగి, సెల్‌ఫోన్లో ఫొటో తీసి, వంగి దాని కాలికి చీటీ కడుతున్నాడు. చీటీ మీద 'అవసరం లేనిది' అని రాసుంది. అప్పటికి ఎల్లారావు పీట మీద కూర్చునే ఉన్నాడు. లేవమని ఎవరూ అనలేదు. ముడి బిగిశాక ఆయనే లేచి, పీటని ఎడం చేత్తో మోసుకెళ్లి, పెరట్లో పసుపు రంగుతో గీసిన గడిలో పెట్టి వచ్చాడు. చీటీ పడ్డ సామానంతా అక్కడ పెట్టాలట. ఎవరూ అడక్కపోతే పాత ఇనుము కింద అమ్మేస్తారట.

నాకు కడుపు మండింది. యూనియన్ వాడికి కడుపు మండడం తప్ప వేరే పనేముందని గురునాథరావు గారు నవ్వుతూ చందా ఇచ్చి పంపేశారు. ఆయన చెడ్డవాడని నేను చెప్పను. ఒకప్పుడు ఆయనా వెల్డింగు చేసినవాడే, చేతుల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ షెడ్డుకి పని ఇచ్చే పెద్ద కంపెనీ వృథా లేకుండా పని చేస్తారనే 'లీన్' సర్టిఫికెట్టు తెచ్చుకోకపోతే ఆర్డర్లు ఉండవని చెప్పేసింది. పెద్దవాడు ఈయన మెడ మీద కాలు పెట్టాడు. ఈయన కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కున్నాడు. మన దేశంలో చిన్న పరిశ్రమ అంటే ఇదే.

ఆ షెడ్డులో పోర్టు బార్జిలకి ఇనుప మూతలూ, ఫిషింగ్ హార్బర్లో పడవల మీద తాళ్లు చుట్టే వించీలకి దిమ్మలూ చేస్తారు. దళసరి ప్లేట్లని చైన్ బ్లాకుతో పైకి లేపి, గాలిలో తిప్పి, రెండో పక్కన వెల్డింగు చేయాలి. క్రేను లేదు. గొలుసు లాగే జట్టే క్రేను. ఆ జట్టుకి పెద్ద వరహాలు, బొబ్బిలి పక్క రైతు బిడ్డ. అందులో ఎల్లారావు ఉన్నాడు, ఆయన మేనల్లుడు సింహాద్రి ఉన్నాడు. సింహాద్రి తల్లి తవిటమ్మ, అంటే ఎల్లారావు చెల్లెలు, అదే షెడ్డులో మూతలకి రంగు పూస్తుంది. ఈ ముగ్గురిదీ యారాడ, కొండ అవతలి జాలరి పల్లె.

యారాడ వాళ్లు షెడ్డుకి ఒక అలవాటు తెచ్చారు. పడవ మీద వల పైకి లాగేటప్పుడు అందరూ తాడు పట్టుకోరు. ఒకడు చేతులు కట్టుకుని నిలబడతాడు. తాడునీ, కెరటాన్నీ, తోటివాళ్ల కాళ్లనీ చూస్తూ ఉంటాడు. అతను ఆపమంటే ఆపాలి. ఎందుకని అప్పుడు అడగకూడదు. ఎల్లారావు సముద్రం మానేసి షెడ్డుకి వచ్చిన కొత్తలో, గొలుసు దగ్గర కూడా ఒక మనిషి ఊరికే నిలబడాలని పట్టుబట్టాడు. సముద్రం మొహం ఎరగని వరహాలు మొదట నవ్వాడు. ఒకసారి తన కాలు పోవలసింది పోకుండా మిగిలాక నవ్వడం మానేశాడు. అప్పట్నుంచీ వంతులవారీగా ఒకరు చూడడం, మిగతావాళ్లు లాగడం. అలిసినవాడికి పీట మీద కాసేపు కూర్చునే వీలూ ఉండేది.

కిందటి వానాకాలంలో ఎల్లారావు కుడి భుజం పట్టు తప్పింది. జట్టు ఎవరికీ చెప్పలేదు. ఆయన లాగవలసిన వంతు తలా కొంచెం పంచుకున్నారు. ఒక మనిషి ఒళ్లు చెడితే జట్టు మోస్తుంది. దీనికి ఏ క్లాసులోనూ పేరు లేదు.

ఉదయ్‌కుమార్ క్లాసులు మొదలయ్యాయి. మధ్యాహ్నం టీ, బిస్కెట్లు. షెడ్డులో వ్యర్థం ఎన్ని రకాలుగా ఉంటుందో చెప్పాడు. ఏ పొరపాటు జరిగినా 'ఎందుకు' అని అయిదుసార్లు అడగాలి, అయిదోసారి అడిగినప్పుడు అసలు కారణం బయటపడుతుంది అన్నాడు. నిజం చెప్పాలి, కొన్ని మంచి పనులు జరిగాయి. స్పానర్లకి గోడ మీద చోటు వచ్చింది. తాగే నీళ్లకి ఫిల్టరు పెట్టారు. గ్రైండింగు రొదకి చెవులు పాడవకుండా అందరికీ రబ్బరు బిరడాలు ఇచ్చారు. తెలివి ఉన్నవాడు కావడంతో సింహాద్రి అందరికంటే ముందు అందుకున్నాడు. ప్లేట్లకి చుట్టే స్లింగు తాళ్లు తగిలించే కొక్కేలకి కొత్త స్టాండు చేసి చూపించాడు. అతని ఫొటో బోర్డు మీద పెట్టారు. ఇంటికెళ్లి తల్లికి ఆ ఫొటోని ఫోన్లో మళ్లీ మళ్లీ చూపించాడట.

ఊడ్చుకోవడం తప్పని నేనూ అనను. ఇల్లు ఊడ్చుకోనివాడు ఎవడు? ఏది చెత్త అన్నది ఎవరు తేలుస్తారన్నదే తగువు.

ఒకరోజు ఉదయ్‌కుమార్ కెమేరా తెచ్చాడు. రేపు జట్టు పనిని వీడియో తీస్తాను, ఎప్పటిలాగే చేయండి అన్నాడు. ఆ సాయంత్రం జట్టు టీ బడ్డీ వెనక చేరింది. ఎల్లారావు గొలుసు పట్టుకుంటే భుజం నొప్పికి మొహం వంకరపోతుంది, అది వీడియోలో పడితే పనికిరాడని తీసేస్తారు. ఇదీ వాళ్ల భయం. ఉపాయం సింహాద్రే చెప్పాడు. రేపు మావ గొలుసు ముట్టుకోవద్దు. ఆయన వంతు, మన వంతు అన్నీ మనమే లాగేద్దాం. ఎంత జోరుగా లాగేయాలంటే, ఒక చెయ్యి తక్కువైందన్న సంగతి కెమేరాకి తెలియకూడదు.

అలాగే చేశారు. ఆ రోజు వాళ్లు లాగినట్టు ఎప్పుడూ లాగలేదు. చూసేవాళ్లుంటే మనవాళ్లకి ఊపు వస్తుంది కదా, పక్క షెడ్డు వాళ్లు కూడా వచ్చి ఈలలు వేశారు. ఎల్లారావు పొద్దుట్నుంచీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పని అయ్యాక ఆయన్ని కాపాడేశామని అందరూ సంబరంగా టీలు తాగారు.

మరుసటి వారం మీటింగులో ఆ వీడియో గోడ మీద వేశారు. గొలుసు లాగుతున్న మనుషుల చుట్టూ ఆకుపచ్చ గీత. ఎల్లారావు చుట్టూ ఎర్ర గీత. మొదట్నుంచీ చివరిదాకా ఎర్ర గీతే. కింద 'నిరీక్షణ, వ్యర్థం' అని అక్షరాలు. వరహాలు లేచాడు.

"ఆయన ఊరికే నేడు సార్. సూత్తన్నాడు."

"చూడడం వల్ల ఈ వీడియోలో ఏం జరిగిందండీ?" అని ఉదయ్‌కుమార్ మర్యాదగానే అడిగాడు.

"ఏటీ జరగనేదు. అదే గదా ఆయన పని."

ఉదయ్‌కుమార్ నవ్వలేదు. మనిషిది తప్పు కాదు, పద్ధతిది తప్పు అని ఓపిగ్గా చెప్పాడు. గురునాథరావు గారు కిందికి చూస్తూ కూర్చున్నారు. ఆయనకి తెలుసు. వెల్డరుగా ఉన్న రోజుల్లో ఆ చూసే మనిషిని నమ్ముకునే ఆయన ప్లేటు కింద పడుకుని వెల్డింగు చేశాడు. అయినా నోరు విప్పలేదు. ఆ నెలాఖరుకి ఎల్లారావుని ఇంటికి పంపేశారు, గొలుసు దగ్గర ఇక ఎవరూ ఊరికే నిలబడకూడదన్నారు. ఆ వీడియోలో జట్టు లాగిన వేగమే ఇకపై రోజూ లాగవలసిన వేగమని గోడ మీద రాశారు. కాపాడుదామని పడ్డ కష్టమంతా వాళ్ల మెడకే చుట్టుకుంది.

నేను టీ బడ్డీ వెనక మీటింగు పెట్టాను. పని ఆపండన్నాను. ఈ రోజు చూసే మనిషి పోయాడు, రేపు లాగేవాడు పోతాడన్నాను. వరహాలు ఊగాడు. రంగుల దగ్గర ఆడవాళ్లూ ఊగారు. ఎదురు చెప్పింది సింహాద్రి. షెడ్డుకి సర్టిఫికెట్టు వస్తే పని పెరుగుతుంది, పని పెరిగితే మావని వెనక్కి అడగొచ్చు అన్నాడు. షెడ్డు మునిగిపోతే అందరం కలిసి మునుగుతాం అన్నాడు. అది మోసం కాదు, అతను నిజంగా నమ్మాడు. నాకు ఒళ్లు మండి నాలుగు మాటలన్నాను. అప్పుడు ఎల్లారావు అడ్డం పడ్డాడు.

"ఒగ్గీండి బాబూ. నా ఒక్కడి కోసరం ఇంతమంది నోట్లో మట్టి కొట్టుకోవద్దు. నాను వల కుట్టుకునైనా బతుకుతాను."

దాంతో మీటింగు చల్లబడిపోయింది. అందరూ ఆయన భుజం తట్టి, కళ్లు తుడుచుకుని, ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లారు. మన ఓటమిలో ఎక్కువ భాగం ఇలాగే, జాలితోనూ మంచితనంతోనూ జరుగుతుంది.

కానీ ఎల్లారావు వలలు కుట్టలేదు. రోజూ పొద్దున్నే చెల్లెలితో, మేనల్లుడితో పాటు యారాడ కొండ దిగి వచ్చేవాడు. వాళ్లు లోపలికి వెళ్లాక గేటు బయట రోడ్డు మీద నిలబడి చైన్ బ్లాకు వైపు చూస్తూ ఉండేవాడు. వాచ్‌మన్ వెళ్లిపొమ్మని చెప్పి చెప్పి విసిగాడు. నేను కూడా ఒకసారి అడిగాను, ఇక్కడ ఎండలో ఏం పని అని. అలవాటైపోయిందన్నాడు. తెరిచిన గేట్లోంచి షెడ్డు అంతా కనిపించేది. అయితే దూరం.

ప్రమాదం జరిగిన రోజు ఎల్లారావు దాన్ని ముందే చూశాడు. ప్లేటు లేస్తోంది, కొక్కెం అంచుకి పడింది, స్లింగు ఒక పక్కకి జారుతోంది. సింహాద్రి కింద వంగి దిమ్మ సర్దుతున్నాడు. గొలుసు దగ్గరున్న ముగ్గురి కళ్లూ గొలుసు మీదే ఉన్నాయి. ఆ వేగంతో లాగేటప్పుడు తల ఎత్తడం కుదరదు. ఎల్లారావు గేటు దగ్గర్నుంచి "ఆపండ్రా" అని అరిచాడు. మళ్లీ అరిచాడు. గ్రైండర్లు తిరుగుతున్నాయి. అందరి చెవుల్లోనూ బిరడాలున్నాయి. వాచ్‌మన్‌ని తోసుకుని లోపలికి పరిగెత్తాడు. రంగు డబ్బా దగ్గరున్న తవిటమ్మ అన్న పరిగెత్తడం చూసి, ఆయనకే ఏదో అయిందనుకుని బ్రష్షు పారేసి లేచింది. అప్పటికి ప్లేటు పడిపోయింది.

సింహాద్రిని ఆసుపత్రికి తీసుకెళ్లడం పోలీసు కాగితాల కోసం మాత్రమే. మర్నాడు యారాడకి తీసుకెళ్లాం. ఊరు ఊరంతా ఒడ్డుకి వచ్చింది. ఆ రోజు పడవలేవీ కదల్లేదు. ఎల్లారావు ఏడవలేదు, చెల్లెలికి మొహం చూపించలేక దూరంగా ఒక పడవ పక్కన నిలబడ్డాడు. బోర్డు మీది ఫొటోని వరహాలు షెడ్డు నుంచి పీక్కొచ్చాడు. తవిటమ్మ దాన్ని చూడనంది.

ఇన్ని చావులు చూశాను. ఇనుము మీద పడి పోయినవాళ్లు, ఆవిరికి ఉడికి పోయినవాళ్లు, కాలవలో దిగి గాలి ఆడక పోయినవాళ్లు. ప్రతిసారీ ఒకటే రిపోర్టు వస్తుంది, కార్మికుడి అజాగ్రత్త అని. చచ్చినవాడు వచ్చి కాదనలేడు కదా.

దినం అయ్యాక షెడ్డులో మీటింగు పెట్టారు. బయటివాళ్లకి ప్రవేశం లేదన్నారు. నేను గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను, పక్కన ఎల్లారావు. ఉదయ్‌కుమార్ మొహం పీక్కుపోయి ఉంది. అతనికీ బాధగానే ఉంది. కానీ అతనికి తెలిసిన పద్ధతి ఒకటే. తెల్ల బోర్డు మీద రాస్తూ అడగడం మొదలుపెట్టాడు. ప్లేటు ఎందుకు పడింది? స్లింగు జారింది అన్నారెవరో. స్లింగు ఎందుకు జారింది? కొక్కెం అంచుకి పడింది. అంచుకి ఎందుకు పడింది? సింహాద్రి చూసుకోలేదు అన్నాడు సూపర్‌వైజరు. ఎందుకు చూసుకోలేదు? తొందరలో ఉన్నాడు.

ఉదయ్‌కుమార్ 'తొందర' అని రాసి, పెన్ను మూత పెట్టేశాడు. తొందరపడకుండా పని చేయడం గురించి వచ్చే వారం అందరికీ ట్రైనింగు ఇస్తామన్నాడు. గురునాథరావు గారు లేచి నిలబడ్డారు. మీటింగు అయిపోయింది.

"బాబూ," అంది తవిటమ్మ షెడ్డులో వెనక వరసలోంచి. చీరకి ఇంకా పాత రంగు మరకలున్నాయి. "అయిదుసార్లు అడగాలని మీరే సెప్పినారు. నాలుగే అయినాయి."

ఉదయ్‌కుమార్ బోర్డు వైపు చూశాడు.

"నా గుంటడికి తొందరెందుకు?" అంది.

అమ్మని కాసేపు బయట కూర్చోబెట్టండి అన్నారు గురునాథరావు గారు. సూపర్‌వైజరు కదిలాడు. వరహాలు అతనికి అడ్డంగా నిలబడి, అదే మాట అడిగాడు. తొందరెందుకు సార్? గ్రైండింగు వాళ్లు అడిగారు. రంగుల దగ్గర ఆడవాళ్లు అడిగారు. ఎప్పుడూ నోరెత్తని కటింగు మేస్త్రీ అడిగాడు. అరుపుల్లేవు. ఒకరి తర్వాత ఒకరు, అప్పు తిరిగి అడుగుతున్నట్టు నెమ్మదిగా అడిగారు. ఉదయ్‌కుమార్ గురునాథరావు గారి వైపు చూశాడు. గురునాథరావు గారు గోడ మీద రాసిన వేగం వైపు చూసి, వెంటనే కళ్లు తిప్పుకున్నారు. 

"అయితే జవాబొచ్చేదాకా మేం కూడా అవసరం నేనోలమే," అన్నాడు వరహాలు.

అందరూ జేబుల్లోంచి చెవి బిరడాలు తీసి అక్కడ పెట్టేశారు. పెరట్లోకి నడిచి పసుపు గడిలో కూర్చున్నారు. పాత మోటార్ల మధ్య, తుప్పు పైపుల మధ్య, ఎర్ర చీటీల మధ్య. ఎల్లారావు పీట ఇంకా అక్కడే ఉంది. తవిటమ్మని దాని మీద కూర్చోబెట్టారు. చూసే మనిషి మళ్లీ కావాలి, గోడ మీది వేగం చెరపాలి, సింహాద్రి మీద వేసిన తప్పు తీసేయాలి. ఇవే మా కోరికలు.

మొదట్లో ఆటోనగర్ అంతా కదిలింది. పక్క షెడ్ల వాళ్లు భోజనం వేళ వచ్చి కూర్చునేవాళ్లు. కాలేజీ పిల్లలు డప్పు పట్టుకొచ్చారు. యారాడ నుంచి ఆడవాళ్లు చేపల పులుసు, అన్నం తెచ్చారు. గడి చాలక జనం గీత దాటి కూర్చున్నారు. తర్వాత ఎండలు ముదిరాయి. పక్క షెడ్ల ఓనర్లు వాళ్ల మనుషుల్ని బెదిరించారు. గ్రైండింగు వాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఇంటి దగ్గర ఇబ్బందులని చెప్పి కనిపించడం మానేశారు. నేను వాళ్లని తిట్టలేదు. పిల్లల ఆకలి ముందు నా ఉపన్యాసం ఎంత? లేబరాఫీసులో సారు సెలవులో ఉన్నారన్నారు, తర్వాత మీటింగులో ఉన్నారన్నారు. డప్పు కూడా ఆగిపోయింది. గడిలో మళ్లీ ఖాళీ కనిపించింది.

అప్పుడు గేటు ముందుకి వ్యాను వచ్చింది. దాని వెనక పోలీసు జీపు, ఖాళీ పోలీసు వ్యాను. ముందు వ్యానులో ఉద్దానం పక్కనుంచి తెచ్చిన కొత్త జట్టు, చేతుల్లో బట్టల సంచులు. కాంట్రాక్టరు వాళ్లకి ఏం చెప్పి తెచ్చాడో గాని మా మొహాలు చూడగానే బెదిరిపోయారు. మావాళ్లలో కొందరు రాళ్లు తీశారు. మా కూడు తినడానికి వచ్చినోళ్లని లోపలికెలా రానిస్తామన్నాడు కటింగు మేస్త్రీ. వాళ్లూ మనలాంటోళ్లే అన్నాను నేను. మనలాంటోళ్లయితే వెనక్కెళ్లమను అన్నాడు. ఇద్దరం గట్టిగానే వాదించుకున్నాం. నిజం చెప్పాలంటే నా మాట గెలవలేదు. రాళ్లు చేతుల్లోనే ఉన్నాయి.

తవిటమ్మ పీట మీంచి లేచి వ్యాను దగ్గరికి నడిచింది. మావాళ్లు విసరబోయిన రాళ్లకి ఆమె వీపు అడ్డమైంది.

"నానా, పని సెయ్యొద్దని నాను సెప్పను," అంది కిటికీలోంచి. "మీ ఇళ్లకాడా పిల్లలుంటారు. ఒక్కటి ఇనండి. గొలుసు లాగినప్పుడల్లా ఒకులు ఊరికే నిలబడి సూడండి. ఆళ్లు ఏటేటో సెయ్యమంటారు, మీరు మాత్రం ఒకుల్ని నిలబెట్టండి. నా కొడుకు మీద పడిన ప్లేటు ఇంకా లోపలే ఉంది."

కొత్త జట్టులో ఒకతను తల దించుకున్నాడు. పోలీసులు తవిటమ్మని పక్కకి లాగారు. లాగడం చూసి మావాళ్లు ఎగబడ్డారు. తర్వాత లాఠీలు, తోపులాట, దుమ్ము. వరహాలు తల పగిలింది. ఎల్లారావు భుజాన్ని వెనక్కి విరిచి పట్టుకున్నారు, అదే భుజాన్ని. నాతో సహా దొరికిన వాళ్లని దొరికినట్టు పోలీసు వ్యానులో కుక్కారు. పసుపు గడి ఖాళీ అయింది.

మేం ఓడిపోయాం. ఈ మాట దాచను. ఆ తర్వాత మా అందరి మీదా కేసులు పెట్టారు. ఉన్నవాళ్లని ఉన్నట్టు పనిలోంచి తీసేశారు. గోడ మీద వేగం అలాగే ఉంది. సర్టిఫికెట్టు వచ్చింది, గురునాథరావు గారు అది పట్టుకుని నవ్వుతున్న ఫొటో పేపర్లో పడింది. సింహాద్రి రిపోర్టులో ఇప్పటికీ అజాగ్రత్త అనే ఉంది.

కానీ ఆ రోజు పోలీసు వ్యాను కదలడానికి ముందు జరిగింది కూడా చెప్పాలి. డ్రైవరు ఇన్‌స్పెక్టరు కోసం ఆగాడు. జాలీ కిటికీలోంచి తెరిచిన గేటూ, లోపల చైన్ బ్లాకూ కనిపిస్తున్నాయి. కొత్త జట్టుని అప్పుడే పనిలోకి దింపేశారు. సూపర్‌వైజరు ఎవరు ఎక్కడ నిలబడాలో చూపిస్తున్నాడు. అందరి చేతికీ గొలుసు ఇచ్చాడు. ప్లేటు లేచింది. మావాళ్లెవరూ అటు చూడలేక తలలు తిప్పుకున్నారు. తవిటమ్మ ఒక్కతే జాలీకి మొహం ఆనించి చూస్తోంది.

ప్లేటు మనిషి ఎత్తు లేచాక ఒకతను గొలుసు వదిలేశాడు. ఇందాక తవిటమ్మ మాటలకి తల దించుకున్న మనిషే. రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సూపర్‌వైజరు అతని మీదికి వెళ్లి కేకలు వేశాడు. గొలుసు పట్టుకోమని వేలు చూపించాడు. అతను కదల్లేదు, సూపర్‌వైజరు వైపు కూడా చూడలేదు. తల ఎత్తి కొక్కెం వైపే చూస్తున్నాడు. అతన్ని బయటికి నెట్టడానికి సూపర్‌వైజరు చెయ్యి వేశాడు. అప్పుడు మిగతావాళ్లు లాగడం ఆపేశారు. గొలుసు పట్టు వదల్లేదు, ముందుకీ లాగలేదు. ప్లేటు అలాగే గాలిలో ఆగింది.

తవిటమ్మ చెయ్యి వెనక్కి చాచి ఎల్లారావుని వెతుక్కుంది. కొడుకు పోయాక అన్నతో ఆమె మాట్లాడడం అదే మొదటిసారి.

"సూత్తన్నాడన్నా," అంది.

ఎల్లారావు మనుషుల్ని తప్పించుకుని జాలీ దగ్గరికి వచ్చాడు. వరహాలు నెత్తురు తుడుచుకుంటూ లేచాడు. రాయి పట్టిన కటింగు మేస్త్రీ లేచాడు. ఇన్‌స్పెక్టరు ఎక్కి తలుపు వేశాడు, వ్యాను కదిలింది. షెడ్డు కనుమరుగయ్యేదాకా మేమందరం ఆ కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాం.